నిండు నూరేళ్లు... స్పానిష్‌లో!

భర్త తన భార్యకిచ్చే పుట్టినరోజు కార్డును స్నేహితురాలికి పంపితే ఎలా ఉంటుంది? ఆర్మూరులో ఓ నానమ్మ, మనవరాలు ఆ పని చేయబోయి ఆగారు. సెల్‌ఫోన్లో కనిపించిన గులాబీల కార్డు ఇద్దరికీ తెగ నచ్చింది. బంగారు అంచు, లోపల రెండు ఫొటోలు పెట్టుకునే చోటు. కాకపోతే దాని మీదున్న స్పానిష్ ఇద్దరికీ రాదు. సరే, ఇదే ఖాయం అనుకున్నాక మనవరాలికి అనుమానమొచ్చి అర్థం వెతికింది. ‘నా భార్యకు ప్రేమతో’ అని ఉంది!

‘ఓయమ్మో! ఇంకోటి చూడు బిడ్డా’ అని నానమ్మ ఒకటే నవ్వు.

ఆర్మూరుకీ స్పానిష్‌కీ సంబంధమేమిటీ అంటారా? కూతురి కాన్పుకోసం ఆమె టెక్సాస్ వెళ్లి దాదాపు ఆర్నెల్లు ఉంది. పక్కింట్లో మెక్సికో నుంచి వచ్చి స్థిరపడిన మరో అమ్మమ్మ. ఇద్దరూ మనవల్ని బండిలో కూర్చోబెట్టుకుని పొద్దున్నే పార్కుకి వెళ్లేవారు. ఈమెకు ఇంగ్లిష్ రాదు, ఆమెకు అంతంతమాత్రం. సైగలే భాష. ఈమె జొన్నరొట్టె చేసిపెడితే, ఆమె మొక్కజొన్న రొట్టె వేడివేడిగా తెచ్చేది. పచ్చిమిరపకాయ కొరకడంలో మాత్రం ఇద్దరూ ఇద్దరే. మిరప పుట్టిల్లు మెక్సికో ప్రాంతమే కదా! తిరుగు ప్రయాణంనాడు ఇద్దరూ ఏడ్చారు.

ఇప్పుడు ఆ మెక్సికో అమ్మమ్మకు అరవై ఏళ్లు నిండుతున్నాయి. భర్త పోయాక వస్తున్న మొదటి పుట్టినరోజది.

అందుకే ఇంట్లో కోడలు కాస్త జంకింది. ‘అత్తమ్మా, భర్త పోయినామెకు పూల కార్డు పంపొచ్చునా?’ అని అడిగింది. నానమ్మ భర్త పోయీ చాలా ఏళ్లయింది. ‘మా ఆయన పోయిన్నాడు నా తలల పూలు తీసేసిన్రు. ఇప్పుడు ఆమె పూలు నేను తియ్యాల్నా?’ అంది. కోడలు మరి మాట్లాడలేదు.

పూలు పంపాలి, సరే. ఏ పూలు?

నానమ్మ ఓటు బంతికే. పచ్చగా, పసుపు కొమ్ములా ఉంటుంది. దసరాకి గుమ్మాలకు కట్టేదీ, బతుకమ్మలో పేర్చేదీ అదే. నిజానికి బంతి సొంతూరు కూడా మెక్సికోనే. అక్కణ్నుంచే మనదాకా వచ్చింది. కానీ ఇక్కడో చిక్కుంది. మెక్సికోలో ఏటా నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవారిని తలచుకుంటారు. సమాధులనూ ఇళ్లలో వారి ఫొటోల ముందునూ అలంకరించేది బంతిపూలతోనే. స్పెయిన్‌లోనేమో నవంబరు 1న చామంతులు పట్టుకుని శ్మశానాలకు వెళతారు. అంతమాత్రాన అవి చెడ్డ పూలేం కాదు. అయితే ఈ ఏడే భర్తను పోగొట్టుకున్న మనిషి పుట్టినరోజు కార్డు తెరవగానే అదే గుర్తుకురావడం ఎందుకు?

చివరికి డాలియా కుదిరింది. మెక్సికో 1963లో జాతీయపుష్పంగా ప్రకటించుకున్న పువ్వది. చలికాలంలో మన పెరళ్లలోనూ పూస్తుంది. రెండిళ్లకూ చుట్టమే.

ఇక మాటలు. స్పానిష్‌లో పుట్టినరోజు శుభాకాంక్షలను ‘ఫెలీస్ కుంప్లెయాన్యోస్’ అంటారు. రెండో మాటను విడదీస్తే, ‘కుంప్లే’ అంటే నిండటం, ‘ఆన్యోస్’ అంటే ఏళ్లు. ఏళ్లు నిండటమన్నమాట! ‘ఎన్నేళ్లు నిండాయి?’ అని మనమూ అడుగుతాం కదా. అంతకన్నా తమాషా ఏమిటంటే, నానమ్మ రాయమన్న ‘నిండు నూరేళ్లు బతుకు’ అన్న దీవెనకు స్పానిష్‌లో సరిగ్గా సరిపోయే వాక్యం ఉంది. ‘కే కుంప్లాస్ సియెన్ ఆన్యోస్’... నీకు నూరేళ్లు నిండాలి అని.

‘నీకు’నా, ‘మీకు’నా? ఇదీ తేలాల్సిందే. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకు ‘తూ’, ‘ఉస్తెద్’ ఉన్నాయి. ‘కుంప్లాస్’ అంటే నువ్వు. చివరి అక్షరం తీసేసి ‘కుంప్లా’ అంటే మీరు. ఇంగ్లిష్‌లో ఇద్దరికీ ఒకటే మాట కాబట్టి, వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి అక్కణ్నుంచి స్పానిష్‌లోకి తీసుకెళితే ఈ తేడా దారిలోనే జారిపోతుంది. ‘మా చెల్లెను మీరు అంటరా ఎవరన్నా?’ అని నానమ్మ తేల్చేసింది. స్నేహితురాలు కాబట్టి ‘అమీగా’. ‘అమీగో’ అంటే మగవాడైపోతాడు.

అచ్చువేసే ముందు ఇంకో గండం. ‘ఆన్యోస్’లో ఎన్ అక్షరం మీద చిన్న అలలాంటి గీత ఉంటుంది. అది లేకపోతే ఏళ్లు అన్న మాట కాస్తా నలుగురిలో అనకూడని శరీరభాగం పేరవుతుంది! డీటీపీలో ఆ అక్షరం దొరక్కపోతే, సెల్‌ఫోన్ కీబోర్డులో ఎన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు, గీతతో సహా వస్తుంది. ఆ మాటను అలాగే స్టూడియోకి పంపవచ్చు. మొత్తం వాక్యాన్ని టెక్సాస్‌లోని కూతురు, స్పానిష్ తెలిసిన సహోద్యోగినితో సరిచూపించింది కూడా.

మొదటి ఫొటో విషయంలో పేచీ లేదు. పార్కు బల్ల మీద ఇద్దరమ్మమ్మలు, ముందు రెండు బండ్లు. అది వాట్సాప్‌లో మామూలుగా వస్తే కుదించుకుపోయి, అచ్చులో మసకబారుతుంది. అందుకే కూతురితో డాక్యుమెంటుగా పంపించుకున్నారు. ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు ఫొటో తేటగా రావాలంటే కనీసం 1800, 1200 పిక్సెళ్లు ఉండాలి. అంగుళానికి 300 చుక్కల లెక్క అది.

రెండో ఫొటోకి మనవరాలు నానమ్మను పట్టుచీరలో తీస్తానంది. నానమ్మ వద్దంది. ఉడకబెట్టిన పసుపును కళ్లంలో ఆరబోస్తూ ఉన్న పాత ఫొటో పెట్టమంది. పసుపు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులే పోటీకి దిగిన నియోజకవర్గం నిజామాబాద్. ఆర్మూరు అందులోదే. భర్త పోయాక సేద్యం తానే చూసుకుని పిల్లల్ని చదివించింది ఆమె. పేరంటాల్లో ఆమెకు పసుపు పెట్టడానికి వెనకాడినవాళ్లు ఉన్నారు కానీ, ఆమె పండించిన పసుపు వద్దన్నవాళ్లు మాత్రం లేరు!

అందుకే కార్డుతోపాటు పావుకిలో పసుపు పొట్లం కూడా. దాని మీద మనవరాలు ‘కూర్‌కుమా’ అని రాసింది. స్పానిష్‌లో పసుపు పేరు అదే. అరబ్బీ ‘కుర్కుమ్’ నుంచి వచ్చిన మాట. గల్ఫ్‌కి వెళ్లొచ్చిన ఇంటింటా ఆర్మూరులో ఎవరో ఒకరు విని ఉండేదే.

చదువుకోసం అమెరికా వెళుతున్న ఓ తెలిసిన కుర్రాడి పెట్టెలో, పచ్చళ్ల పక్కన కార్డుకు చోటు దొరికింది. కట్టేసేముందు నానమ్మ అడుగున ఖాళీలో ‘ఆర్మూరు అక్క’ అని తెలుగులో కూడబలుక్కుంటూ రాసింది. ‘ఆమెకు చదవరాదు కదా నానమ్మా?’ అంది మనవరాలు.

రాకపోతేనేం? ఆర్నెల్లూ వాళ్లు భాష వచ్చే మాట్లాడుకున్నారా ఏమిటి!