తార్నాకలో అయితే ముందు ఎర్త్ చూసేవాళ్లు

పార్టు మార్చడం రిపేరు కాదు. ఈ మాట గట్టిగా చెబితే గానీ నాకు మనసు కుదుటపడేలా లేదు. మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్క ఊళ్లో ఉంటాను. నా పాత పికప్ ట్రక్కుకు కొన్నాళ్లుగా ఉన్నట్టుండి హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి, వోల్టేజీ ముల్లు కిందికి జారుతోంది. చక్రం ఏ గుంటలోనో పడగానే ముల్లు మళ్లీ లేస్తుంది. గ్యారేజీకి తీసుకెళ్తే మీటరు 14.2 వోల్టులు చూపించింది. అంటే చార్జింగ్ నిక్షేపంగా ఉన్నట్టే. “అంతా బాగుంది” అన్నారు. అన్న నోటితోనే “ఆల్టర్నేటర్ మార్చేద్దాం” అన్నారు. బాగున్నదాన్ని ఎందుకు మార్చాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇదేమన్నా కార్లు ఎరగని ఊరా! ఎలక్ట్రిక్ సెల్ఫ్‌తో 1912లో బయటికొచ్చిన కాడిలాక్ పుట్టింది డెట్రాయిట్‌లోనే. 1960 వాలియంట్ కారులో ఆల్టర్నేటర్ పెట్టిన క్రైస్లర్ కంపెనీదీ ఈ ప్రాంతమే. అలాంటి చోట వెతికే ఓపిక కరువైందంటే బాధ కలగదా?

ఇక్కడివాళ్ల మంచితనం నేను కాదనను. చేయబోయే పనికి ముందే ధర రాసిస్తారు. ఎంత పాత బండికైనా వైరింగ్ డయాగ్రాం దొరుకుతుంది. విడిభాగాల దుకాణాల్లో ఆల్టర్నేటర్‌ను ఉచితంగా పరీక్షించి ఇస్తారు. కానీ బండిలోంచి ఊడదీసి, చల్లారాక, బల్ల మీద బిగించి తిప్పితే ఏం తెలుస్తుంది? వచ్చిపోయే జ్వరాన్ని జ్వరం లేనప్పుడు చూసినట్టే. ఇంజను వేడెక్కాలి, లైట్లూ బ్లోయరూ వేయాలి, వైర్లు కదిలించాలి. తప్పు బయటపడేదాకా బండి దగ్గరే ఉండాలి.

హైదరాబాద్ తార్నాకలో అలా ఉండేవాళ్లు. నేను ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో చదివే రోజుల్లో మా బాబాయికి పాత మహీంద్రా జీపు ఉండేది. తార్నాక సందులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లేవాళ్లం. ఆయన వెంటనే స్పానర్ పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఇంజను నడుస్తుండగా లైట్లు వేయించేవాడు. డైనమో వెనక స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టేవాడు. తట్టినప్పుడు చార్జింగ్ వచ్చి పోతుంటే లోపల కార్బన్లు అరిగాయన్నమాట. ఇంజను ఆపి, బొటనవేలితో బెల్టు నొక్కి చూసేవాడు. తర్వాత ఒక్కో జాయింటును వేళ్లతో తాకేవాడు. వేడిగా ఉన్నచోట కరెంటుకు అడ్డం పడుతున్నట్టు. “విప్పుడు ఎంతసేపు తమ్మీ, ముందు ఎర్త్ చూడాలె” అనేవాడు.

మా కాలేజీ క్యాంపస్‌లో మెషీన్స్ ల్యాబుంది. 1929లో మొదలైన కాలేజీ అది, ఆ ల్యాబంటే నాకిప్పటికీ భక్తే. జనరేటర్‌లో కాస్త అయస్కాంతత్వం మిగిలి ఉంటేనే వోల్టేజీ పుంజుకుంటుందని అక్కడ నేర్పారు, గ్రాఫు గీయించారు. తార్నాక ఎలక్ట్రీషియన్ అదే విద్యను మరో దారిలో చూపించాడు. పాత బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్‌ను మేల్కొలిపే మొదటి కరెంటు డ్యాష్‌బోర్డు మీది చార్జింగ్ బల్బు గుండానే వెళ్తుంది. ఆ చిన్న బల్బు మాడిపోతే మంచి ఆల్టర్నేటర్ కూడా నిద్ర లేవకపోవచ్చు. తెలియనివాడు ఆల్టర్నేటర్ మార్చేస్తాడు. ఆయన బల్బు మార్చాడు.

మొన్న రాత్రి నా పికప్‌ను నేనే అలా చూశాను. ఇంజను వేడెక్కాక అన్ని లైట్లూ వేసి, మీటరు ఒక కొస ఆల్టర్నేటర్ బాడీకి, రెండోది బ్యాటరీ మైనస్‌కు పెట్టాను. ఆ రెంటి మధ్య 0.2 వోల్టులు మించకూడదు. కేబుల్ కదిపితే 1 వోల్టు దాటింది. ఆల్టర్నేటర్ ఇవ్వాల్సింది ఇస్తూనే ఉంది, బ్యాటరీకి అందడం లేదు. బ్యాటరీ మైనస్ నుంచి వచ్చే ఎర్త్ కేబుల్, ఇంజనుకు బిగించే చోట లోలోపలే చివికిపోయి ఉంది. కొత్త ఆల్టర్నేటర్ పెట్టినా ఈ రోగం ఇలాగే ఉండేది.

ఆ కేబుల్‌ను తిన్నది ఉప్పు. డెట్రాయిట్ నగరం అడుగున, వెయ్యి అడుగుల పైచిలుకు లోతులో ఉప్పు గని ఉంది. చలికాలమంతా మంచు రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. తార్నాకలో దుమ్మూ ఎండా వాననీళ్లే తప్ప ఈ ఉప్పు బెడద లేదు. మెకానిక్ గంట కూలీ ఇక్కడ ఎంతో అక్కడ ఎంతో కూడా నాకు తెలుసు. వెతికే గంటల కంటే కొత్త పార్టే చవక పడుతుందనే లెక్క అర్థమవుతుంది, కానీ మనసు ఒప్పుకోదు. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. రైలు పెట్టెల కింద, ఇరుసు నుంచి బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్లు 110 వోల్టుల బ్యాటరీలను చార్జి చేసేవి. ప్రయాణంలో లైటు మసకబారితే నాన్న వరసగా చెప్పేవారు: ముందు బెల్టు, తర్వాత జాయింట్లు, ఆఖరున మిషను. ఆ వరస తప్పితే ఆయనకు కోపం వచ్చేది. నాకూ వస్తోంది.

అందుకే మా కాలేజీకి ఒక విన్నపం. ఆ ల్యాబులో బాగున్న యంత్రాల పక్కన, ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయని డైనమో ఒకటి పెట్టండి. బాగున్న మిషను మీద గ్రాఫు గీయడం వస్తుంది, చెడినదాని ముందు కూర్చుంటేనే వెతకడం వస్తుంది. ఆ పాఠం చెప్పడానికి క్యాంపస్ గేటు దాటి తార్నాక దాకా వెళ్లి ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌ను గౌరవంగా పిలవండి. లెక్చరర్‌కు ఇచ్చినంత జీతమూ ఇవ్వండి.