అమ్మ ఎర్రరాయి

మాది చిక్కడపల్లి. నిరుడు అమ్మ పోయాక ఆవిడ లాకెట్టు నాకొచ్చింది. చింతగింజంత ఎర్రరాయి. పైన సన్నం, కింద గుండ్రం. "మీ నాన్న మొదటి జీతంతో కొన్న కెంపే! మనవరాలి పెళ్ళికి ఇవ్వు" అని ఎన్నిసార్లు చెప్పిందో!

మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. లాకెట్టు కట్టు వదులైందని నారాయణగూడలో ఒక కొట్టుకి తీసుకెళ్ళాను. అతను కంటికి అద్దం పెట్టుకుని చూసి, "గాజండీ! లోపల గుండ్రటి గాలిబుడగ కనబడుతోంది" అన్నాడు. అలాంటి బుడగలుంటే గాజో, కరిగించి చేసిన రాయో అనుకోవాలట. మెట్లు దిగుతుంటే కాళ్ళు ఆడలేదు. పిల్లకి ఏమని చెప్పను? అమ్మమ్మ అబద్ధమాడిందనా, తాతయ్య మోసపోయారనా?

రెండ్రోజులు దాచి, మూడోనాడు చెప్పేశాను. అది ఏమీ అనకుండా లాకెట్టుని తలకిందులు చేసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంది. "అమ్మా, అరకులో చూసిన బెలూన్!" అంది.

2017 నవంబరులో అరకులో బెలూన్ల పండగకి అమ్మని కూడా తీసుకెళ్ళాం. "అంత బుట్టని వట్టి వేడిగాలే మోస్తోందీ!" అంటూ చిన్నపిల్లలా నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"లోపల గాలి ఉందని బెలూన్ని ఎవరైనా నకిలీదంటారా?" అంది అమ్మాయి.

ఇద్దరం అశోక్‌నగర్‌లోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళి బెలూన్ బొమ్మలు వెతికాం. 1783 నవంబరు 21న పారిస్‌లో మనుషుల్ని మొదటిసారి మోసుకెళ్ళిన మోంగోల్ఫియర్ సోదరుల బెలూన్, నీలం మీద బంగారురంగు బొమ్మలతో పెళ్ళిమండపంలా ఉండేదట. ఆ మోజులో అక్కడివాళ్ళు విసనకర్రల మీద, పింగాణీ పళ్ళాల మీద బెలూన్లు వేయించుకున్నారు. మనం మెళ్ళో వేసుకుంటే తప్పేమిటి?

గాజుకి ఇంట్లో బెజ్జం పెట్టబోతే పగులుతుంది. అందుకని సన్నటి వెండితీగని పైనుంచి నాలుగు పేటలుగా దించి కింద ముడివేశాను. చిట్టీ డబ్బుతో చిన్న కెంపుపూస కొని బుట్టలా వేలాడదీశాను. ఇది మాత్రం అసలుదే! మీరూ చేసుకుంటే ఒక్కమాట. వేడినీళ్ళతో కడక్కండి, గాజు చిట్లే ప్రమాదముంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

పెళ్ళిలో అందరూ "కెంపెంత బావుందో!" అంటూ పైదాన్నే చూశారు. కిందున్న అసలు కెంపుని ఎవరూ పట్టించుకోలేదు. పీటల మీంచి మా అమ్మాయి నావైపు చూసి నవ్వింది. అమ్మ గాజే కెంపుని మోస్తోంది మరి!