గింజలూ, మనుషులూ

జూన్ 3
కారెన్ విన్ ప్రయోగం మళ్లీ చదివాను. 1992లో నేచర్ పత్రికలో వచ్చింది. ఐదు నెలల బిడ్డ ముందు చిన్న వేదిక, దాని మీద ఒక మిక్కీ మౌస్ బొమ్మ. బొమ్మకు అడ్డంగా తెర లేస్తుంది. బిడ్డ చూస్తుండగానే ఒక చెయ్యి ఇంకో బొమ్మను తెర వెనక పెట్టి, ఖాళీగా వెనక్కి వస్తుంది. తెర దించితే రెండు ఉండాలి. ఒకటే కనిపించినప్పుడు పిల్లలు ఎక్కువసేపు చూస్తూ ఉండిపోయారు. దీన్ని కూడిక అనడానికి మాత్రం నాకు మనసొప్పదు. రెండో బొమ్మ ఏమైందని వెతికే చూపు కూడా కావచ్చు. అయినా, ఇంకా కూర్చోవడమైనా రాని బిడ్డ అంత పట్టిపట్టి చూసిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

జూన్ 5
ఆరు నెలల పిల్లలకు 8 చుక్కలకూ 16 చుక్కలకూ తేడా తెలుస్తుంది. 8కీ 12కీ తెలియదు. పది నెలలకల్లా అదీ తెలుస్తుంది. అంకెలతో పనిలేని కంటి అంచనా ఇది.

జూన్ 11
పది, పన్నెండు నెలల పిల్లలు చూస్తుండగా రెండు డబ్బాల్లో ఒక్కొక్కటిగా బిస్కట్లు వేశారు. ఒకదాంట్లో ఒకటి, ఇంకోదాంట్లో రెండు వేస్తే రెండున్న డబ్బా వైపే పాకారు. రెండూ మూడూ అయితే మూడు వైపు. కానీ రెండూ నాలుగూ అయ్యేసరికి ఎటు వెళ్లాలో తోచలేదు! ఎనిమిదికీ పదహారుకూ తేడా పట్టిన కళ్లు ఇక్కడ ఎందుకు తడబడ్డాయి? లీసా ఫైగెన్సన్, సూజన్ కేరీ, మార్క్ హౌజర్ 2002లో ఇచ్చిన వివరణ నాకు నచ్చింది. మూడు దాకా అయితే ఒక్కోదాన్నీ విడిగా గుర్తు పెట్టుకుంటారు. ఆ హద్దు దాటితే ఆ గుర్తు చాలదు. గుంపును గుంపుగా అంచనా కట్టేది వేరే శక్తి. ఈ రెండూ కలవడానికి ఇంకా ఏళ్లు పడుతుంది.

జూన్ 19
పక్కింటి పాప ఇరవై దాకా గుక్కతిప్పుకోకుండా చెప్తుంది. ఇంకా మూడేళ్లు నిండలేదు. మూడు చింతగింజలు ఇవ్వమంటే గుప్పెడు తీసి నా ఒళ్లో పోసింది.
“అదేంటి పిన్నిగారూ, అన్ని అంకెలొచ్చు కదా దీనికి!” వాళ్లమ్మ మొహం చిన్నబోయింది.
“అంకెలు పాటలా వచ్చాయమ్మా. లెక్క వెనకాల వస్తుంది. కోప్పడకు.”
దాదాపు అందరు పిల్లలూ ఈ మెట్లే ఎక్కుతారు. ముందు ‘ఒకటి’ అంటే తెలుస్తుంది. కొన్ని నెలలకు ‘రెండు’, మరికొన్ని నెలలకు ‘మూడు’. ఆ తర్వాత, చాలామందికి మూడున్నర నాలుగేళ్ల మధ్య, లెక్కపెట్టి ఆగిన చోటే జవాబని తెలిసిపోతుంది. అక్కణ్ణుంచి ఎన్ని అడిగినా లెక్కపెట్టి ఇస్తారు. ఇరవై దాకా అప్పజెప్పించి చుట్టాల ముందు మురిసిపోయే మనం ఆ రోజు ఎప్పుడొచ్చిందో గమనించం.

జూన్ 20
రెండు వరసల్లో సమానంగా గింజలు పేర్చి, ఒక వరసను ఎడం చేసి, “ఇప్పుడూ సమానమేనా?” అని అడిగితే ఐదేళ్ల పిల్లలు చాలామంది పొడుగు వరసే ఎక్కువంటారు. అది లెక్క తెలియకపోవడమేనని మనస్తత్వవేత్త పియాజే అన్నాడు. 1974లో మెక్‌గారిగల్, మార్గరెట్ డోనాల్డ్‌సన్ ఒక చిన్న మార్పు చేశారు. వరసను పెద్దవాళ్లు కదపలేదు. అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టింది. సమానమేనని చెప్పిన పిల్లల సంఖ్య బాగా పెరిగింది.
పెద్దాయన కావాలని కదిపి, అడిగిందే మళ్లీ అడుగుతున్నాడంటే జవాబు మారాలని కోరుతున్నాడేమో అనుకుంటుంది ఆ పసి బుర్ర. గింజల్ని చూడటంతోపాటు అడిగినవాడి మనసునూ చదువుతోందన్నమాట. తరగతి గదిలో ‘తప్పు’ అని కొట్టేసిన జవాబుల్లో ఇలాంటివి ఎన్నో!

జూన్ 28
పద్నాలుగు నెలల పిల్లలు ఎదుటి మనిషికి తమకిష్టమైన బిస్కట్టే ఇచ్చారు. పద్దెనిమిది నెలలవాళ్లు, ఆమె బిస్కట్టుకు మొహం చిట్లించి బ్రొకలీని ఇష్టంగా తినడం చూసి, బ్రొకలీ ఇచ్చారు. బెటీ రెపచోలి, ఆలిసన్ గాప్నిక్ చేసిన పని, 1997.

జూలై 6
కొండెక్కే బొమ్మకు అడ్డుపడిన బొమ్మను కాదని, సాయపడిన బొమ్మనే పసిపిల్లలు ఎంచుకుంటారన్న 2007 నాటి మాట ఎంతో ప్రచారమైంది. 2024లో వెలువడిన ఫలితం వేరు. 37 ప్రయోగశాలలు కలిసి వెయ్యిమందికి పైగా పిల్లల్ని పరీక్షిస్తే, సాయపడిన బొమ్మ వైపు మొగ్గినవాళ్లు దాదాపు సగమే. పుట్టుకతోనే ధర్మం తెలుసని ఇక గట్టిగా అనలేం. ఏడాదిన్నర బిడ్డ, ఎవరైనా క్లిప్పు జారవిడిస్తే తనంతట తానే వెళ్లి తీసివ్వడం మాత్రం నిజం. నాకు అది చాలు.

జూలై 14
ఢిల్లీ అధ్యయనం దగ్గర ఆగిపోయాను. ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డఫ్లో బృందం 214 బాలబడుల్లో 1,540 మంది పిల్లలతో చేసింది, సైన్స్ పత్రికలో 2017లో వచ్చింది. కొందరితో నెలల తరబడి గుంపులనూ ఆకారాలనూ పోల్చే ఆటలు ఆడించారు, మరికొందరితో ఎదుటివాళ్ల చూపునూ భావాన్నీ పట్టుకునే ఆటలు. లెక్కల ఆటలాడిన పిల్లల కంటి అంచనా మెరుగైంది, ఏడాది తర్వాతా నిలిచింది. బడిలో రాసే అంకెల లెక్కలకు మాత్రం అది సాయపడలేదు.
ఆటలు వృథా అని నేననను. గుంపును చూసే కంటికీ, పలక మీది అంకెకూ మధ్య ఎవరో ఒకరు కూర్చుని దారి వేయాలి. అంగన్‌వాడీ టీచరు, తాతయ్య, అక్క, ఎవరైనా సరే. వామనగుంటల పీట అటక మీద ఉంటే దించండి. గింజలు పంచుతూ పైకి లెక్కపెట్టండి, చివర “మొత్తం నాలుగు” అని చెప్పి ఆ నాలుగూ బిడ్డ చేతిలో పెట్టండి. జవాబు తప్పితే కసురుకోకండి, మనం ఏం అడిగామని ఆ బిడ్డ అనుకుందో ముందు కనుక్కోండి.