ఎంత దూరం నుంచి చూడాలి

తక్కువ డబ్బుతో డాక్యుమెంటరీ తీయాలనుకునే ఆడవాళ్ళకి మొదట ఎదురయ్యే ఇబ్బంది కథ గురించి కాదు, లెన్స్ గురించి. కథలు మన దగ్గర బోలెడున్నాయి. కెమెరా ఎవరో ఒకరు ఎరువిస్తారు. దానికి ఏ కన్ను తగిలించాలన్న దగ్గరే చేతిలో డబ్బు చాలదు. జూమా, ప్రైమా? ఇది సాంకేతిక విషయం కదా, మనకెందుకని పక్కన పెట్టేస్తాం. సాంకేతికం అనగానే మగవాళ్ళకి వదిలేసే అలవాటు మనలో బాగా చదువుకున్నవాళ్ళకే ఎక్కువేమో అని నా అనుమానం. లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం మనలో చాలామందిమి చదివాం, క్లాసుల్లో పాఠం చెప్పాం. చూపు ఎవరిదని అడగటం నేర్చుకున్నాం. ఆ చూపు ఎన్ని అడుగుల దూరం నుంచి పడుతోందని మాత్రం అంతగా అడగలేదు.

ప్రైమ్ అంటే ఫోకల్ లెంగ్త్ మారని లెన్స్. మనిషి పెద్దగా కనపడాలంటే తీసేవాళ్ళే నడిచి దగ్గరికి వెళ్ళాలి. జూమ్‌లో రింగు తిప్పితే చాలు, కాళ్ళు కదలక్కర్లేదు. మన ఫోన్లలో ఉండేవి కూడా చాలావరకు చిన్న చిన్న ప్రైములే. వేళ్ళతో సాగదీసి జూమ్ చేశామనుకుంటాం గానీ, ఎక్కువసార్లు అది బొమ్మని కత్తిరించి పెద్దది చేయటమే.

నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్ళ మీద అరగంట సినిమా తీద్దామని నేనూ నా స్నేహితురాలూ అనుకున్నప్పుడు మా దగ్గరున్నవి ఒక పాత కెనాన్ కెమెరా, ఒక సౌండ్ రికార్డర్, ఇద్దరి జీతాల్లోంచి మిగుల్చుకున్న కొంచెం డబ్బు. హైదరాబాద్ కృష్ణానగర్‌లో లెన్సులు అద్దెకిచ్చే ఒక షాపుకి వెళ్ళాం. అతను ధరలు చెప్పేముందు "కెమెరామన్ ఎవరు మేడమ్, సార్‌తో ఒకసారి మాట్లాడిస్తారా?" అన్నాడు. కెమెరా నాదేనన్నాను. "అయితే జూమ్ తీస్కోండి, లేడీస్‌కి ఈజీగా ఉంటుంది" అన్నాడు. అతను చూపించిన 24-70 ఎఫ్ 2.8 జూమ్ బరువు 805 గ్రాములు. కొత్తది కొనాలంటే లక్ష దాటుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో ఆరువేలకి నేను కొనుక్కున్న 50 ఎంఎం ఎఫ్ 1.8 ప్రైమ్ 160 గ్రాములు. రోజంతా మెడలో వేలాడే ముప్పావు కిలోని మించిన బరువు ఎవరికి ఈజీయో అతన్ని అడగలేదు.

బరువు కన్నా పెద్ద విషయం వెలుతురు. ఎఫ్ పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే లెన్స్ కన్ను అంత పెద్దగా తెరుచుకుంటుంది. కెమెరాతోపాటు వచ్చే మామూలు 18-55 జూమ్ 55 దగ్గర 5.6 వరకే తెరుచుకుంటుంది. 1.8 దాకా తెరుచుకునే ప్రైమ్ దానికి తొమ్మిది రెట్లకి పైగా వెలుతుర్ని లోపలికి రానిస్తుంది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు పనిచేసేది ఏ వెలుతుర్లో? తెల్లవారకముందు పొయ్యి దగ్గర, పొద్దుగూకాక గుమ్మంలో, రాత్రి ఒక్క బల్బు కింద. బీడీపని ఈ పనుల సందుల్లోనే సాగుతుంది. లైట్లు పెట్టి తీయొచ్చు కదా అంటారు. లైట్లు పెడితే ఇల్లు సెట్టింగయిపోతుంది, వాడకట్టు పిల్లలంతా మూగుతారు, చేతులు ఆగుతాయి. బీడీకి కూలి వెయ్యికి ఇంత అని లెక్క. మన సినిమా కోసం ఆమె గంటసేపు చేతులు కట్టుకుని కూర్చుంటే ఆ గంట కూలి ఎవరిస్తారు? ఇప్పటి కొత్త కెమెరాలు చీకట్లో కూడా బాగానే చూస్తాయి. మా పాతదానికి చీకటి పడితే బొమ్మంతా ఇసుక చల్లినట్టు అవుతుంది.

కాగితం మీద లెక్క వేస్తే ప్రైమే గెలిచింది. ఏదీ తేల్చుకోకుండా ముందు రెండురోజులు ఉన్న లెన్సులన్నీ మార్చిమార్చి తీసి చూద్దామనుకున్నాం. మేము పెద్దమ్మా అని పిలిచే ఒకావిడ ఇంట్లో మొదలుపెట్టాం. తడిగుడ్డలో చుట్టిన తునికాకు, కత్తెర, ఒళ్ళో తంబాకు పోసిన చాట. 50 ఎంఎంని పూర్తిగా తెరిచి తీశాను. ఆమె ముఖం, వేళ్ళు చక్కగా వెలుగుతున్నాయి. వెనకంతా మెత్తగా కరిగిపోయింది. అచ్చం సినిమాలా ఉందని మేమిద్దరం మురిసిపోయాం. కెమెరా వెనక తెరమీద ఆమెకి చూపించాం. చాలాసేపు చూసింది.

"నేనైతె మంచిగనే వడ్డ గని బిడ్డా, నా యెనక ఇల్లేది?" అంది. "గీ అర్ర బీడీలు చుట్టి కట్టుకున్నది. ఒక్క గోడన్న కనవడాలె గద."

వెనకని మసకబార్చి మనిషిని విడదీయటం ఇప్పుడు అందరూ మెచ్చే అందం. పెళ్ళి వీడియోల నుంచి నగల ప్రకటనల దాకా అదే. ఆ మసకలో ఏమేం పోయాయో తర్వాత చూసుకున్నాం. ఆకు మూట, పక్కనే హోంవర్కు రాసుకుంటున్న మనవరాలు, పొయ్యి, ఆ గోడ. ఆమె పనిలోంచి పనీ పోయింది, ఆస్తీ పోయింది, అందమైన ముఖం ఒకటి మిగిలింది. షాంటాల్ అకెర్మన్ 1975లో తీసిన 'జాన్ డీల్‌మన్' మళ్ళీ గుర్తొచ్చింది. కెమెరా బాబెట్ మాంగోల్ట్. మూడుగంటల ఇరవై నిమిషాల ఆ సినిమాలో కెమెరా ఆమె మీదికి ఉరకదు. కదలకుండా నిలబడి, వంటింటినీ ఆమెనీ కలిపే చూస్తుంది.

50 ఎంఎంతో ఇంకో చిక్కు ఉంది. మా కెమెరాలో సెన్సర్ చిన్నది, 50 అక్కడ 80లాగా చూస్తుంది. ఆరడుగుల గదిలో గోడకి వీపు ఆనించి నిలబడినా మనిషీ పొయ్యీ ఒక ఫ్రేములో పట్టరు. ఒక స్నేహితురాలి దగ్గర 24 ఎంఎం ఎఫ్ 2.8 ప్రైమ్ తెచ్చాం. అరచేతిలో బిళ్ళలా ఉంటుంది, 125 గ్రాములు. 1.8తో పోలిస్తే వెలుతురు సగానికన్నా తగ్గుతుంది. కానీ పెద్దమ్మ ఎలాగూ గుమ్మం దగ్గరే కూర్చుని చుడుతుంది. వెలుతురు ఎక్కడ దొరుకుతుందో, కరెంటు బిల్లు ఎంతొస్తుందో మాకన్నా ఆమెకే బాగా తెలుసు. ఈ లెన్స్‌లో గోడ కనపడింది. గోడకి సున్నం రాలిన మూల కూడా కనపడింది. అది వద్దంది. ఒక అడుగు ఎడమకి జరిగాం.

24తో వేళ్ళు పెద్దగా కనపడాలంటే రెండడుగుల దూరంలోకి వెళ్ళి నేలమీద కూర్చోవాలి. తంబాకు ఘాటుకి నాకు దగ్గు ఆగలేదు. ఆ దగ్గు సౌండ్ ట్రాక్‌లో ఉంది, ఆమె నవ్వు కూడా ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పెట్టుకుని తమ సినిమాలు తామే తీశారు. ఎదుటి మనిషి కంటి ఎత్తులో, సమానంగా ఉండి తీసే షాట్‌కి వాళ్ళు పెట్టుకున్న పేరు సంఘం షాట్. సినిమా పుస్తకాల్లో ఇంతకన్నా మంచి పేరు నాకు కనపడలేదు.

అలాగని జూమ్‌ని తిట్టేసి ఊరుకోవటం అన్యాయం. మన సినిమాల్లో 70లు, 80లలో హీరోయిన్ నడుము మీదికి ఉరికిన జూమ్‌లు చూసి పెరిగినవాళ్ళం కాబట్టి దాని మీద మనకి కసి ఉంటుంది. కానీ 1964లో సత్యజిత్ రాయ్ తీసిన 'చారులత'ని తలుచుకోండి. చారు చేతి దుర్భిణితో కిటికీ సందుల్లోంచి వీధిని చూస్తుంది. తనని గమనించకుండానే వరండాలో వెళ్ళిపోతున్న భర్తని కూడా దానితోనే చూస్తుంది. ఆ చెయ్యి కిందికి వాలగానే సుబ్రత మిత్ర కెమెరా ఒక్కసారిగా వెనక్కి జూమ్ అవుతుంది. ఆ ఇంట్లో ఆమె ఒంటరితనం ఎంత పొడవో ఆ ఒక్క క్షణంలో తెలుస్తుంది. ప్రైమ్‌తో ఆ కుదుపు రాదు.

మాకూ జూమ్ లేకుండా గడవని రోజు ఒకటి వచ్చింది. చుట్టిన బీడీలు ఇచ్చే చోట, చెక్ చేసే అతను కట్టల్లోంచి కొన్ని తీసి బాగాలేవని పక్కకి విసిరేస్తాడు. వాటికి కూలి లేదు. లోపలికి కెమెరా రావద్దన్నారు. ఆ ఒక్కరోజుకీ 55-250 జూమ్ అద్దెకి తెచ్చి, రోడ్డుకి ఇవతల టీకొట్టు అరుగు మీంచి తీశాం. పట్టపగలు కాబట్టి ఎఫ్ 5.6 చాలింది. మరీ దగ్గరకి లాగితే ఫ్రేము వణుకుతుంది గనక స్టాండు మీద పెట్టాం. కెమెరా పట్టుకున్న ఆడమనిషిని చూడగానే చుట్టూ మూగే మగవాళ్ళు కూడా ఆ దూరంలో మమ్మల్ని పట్టించుకోలేదు. 24 ఒక్కటే నమ్ముకుని వెళ్ళుంటే, విసిరేసే ఆ చెయ్యి మా సినిమాలో ఉండేది కాదు.

అయితే ఆ ఫ్రేములో అతనొక్కడే లేడు, వరసలో నిలబడ్డ ఆడవాళ్ళూ ఉన్నారు. ముందురోజు రాత్రే వాళ్ళకి చెప్పాం, వద్దన్నవాళ్ళు కొంగు కప్పుకున్నారు. కానీ 250 ఎంఎం దగ్గర మనిషి నడకని బట్టి, చీరెని బట్టి కూడా ఊళ్ళో వాళ్ళు గుర్తుపడతారని తీసింది చూస్తే గానీ వాళ్ళకీ మాకూ తెలియలేదు. ఆ బిట్ మొత్తం 41 సెకన్లు. పెద్దమ్మ అర్రలో కూర్చుని అందరం రెండుసార్లు చూశాం. ఒకామె "ఉంచుండ్రి, పోయేదేమున్నది" అంది. ఇంకొకామె రేపట్నించి తనకి ఆకు ఇయ్యకపోతే ఇల్లెట్ల గడుస్తదని అడిగింది. ఆమె ఉన్నంతమేర కత్తిరిస్తే 19 సెకన్లు మిగిలాయి. మరో ఇద్దరు ఇంట్లో మాట్లాడుకుని చెప్తామన్నారు. వాళ్ళ ఫోన్ వచ్చేదాకా ఎడిటింగ్ అక్కడితో ఆపి ఉంచాం.