ఇంజెక్టర్ నెత్తిన ఏడక్షరాలు

అనంతపురంలో ఏసీ గదులు తక్కువేం కాదు గానీ, మనుషుల కోసం కాకుండా ఇనుము కోసం ఏసీ పెట్టిన గదిని బెంగళూరు రోడ్డు పక్క సందులోనే చూశాను. బయటంతా రేకుల షెడ్డు, గ్రీజు, దించిన గేర్‌బాక్సులు. లోపల అద్దాల గది. చెప్పులు విడిచి రమ్మన్నారు. గుడి మర్యాద కాదది, దుమ్ము భయం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో దుమ్ముకు కొదవ లేదు. ఆ గదిలో విప్పే, ఇంజన్‌లోకి డీజిల్ చల్లే ఇంజెక్టర్‌లోనేమో సూదికీ, అది ఆడే గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు.

వాకిట్లో ఓ పికప్ బండి ఆగి వణుకుతోంది. కక్కలపల్లి మార్కెట్ నుంచి బెంగళూరుకు టమోటా తోలే బండి. వేరే ఊళ్లో ఒక ఇంజెక్టర్ మార్పించుకున్నాడట డ్రైవరు. అప్పట్నుంచీ పొద్దున స్టార్ట్ చేస్తే పొగ, నిలబెడితే వణుకు, మైలేజీ పాయె.

“కొత్తదే కదన్నా ఏసింది, మల్ల ఏంటికిట్ల?”

“ఏసినావు సరే. కంప్యూటర్‌కి చెప్పల్ల కదప్పా!” అన్నాడు మేస్త్రి.

చెప్పడమంటే ఇదీ. ఎంత పెద్ద కంపెనీ చేసినా రెండు ఇంజెక్టర్లు అచ్చంగా ఒకేలా రావు. అందుకే ఫ్యాక్టరీలో ప్రతిదాన్నీ బెంచీ మీద కొలుస్తారు. ఫుల్ లోడు, నడిమి లోడు, ఐడ్లింగు, అసలు డీజిల్‌కు ముందు చల్లే పైలట్ చుక్క: ఒక్కో దగ్గర ఎంత ఎక్కువ పోస్తోందో, ఎంత తక్కువ పోస్తోందో లెక్క తీసి, ఆ తేడాలను కోడ్‌గా కుదించి దాని నెత్తిన చెక్కుతారు. బాష్ వాటి మీద ఏడు అక్షరాలు, అంకెలు కలిపి ఉంటాయి. డెల్ఫీ వాటి మీదైతే పదహారో, ఇరవయ్యో. తన లోపాన్ని తానే నెత్తిన రాసుకుని అంగడికొచ్చే సరుకు ఇంకేదైనా ఉందేమో నాకు తెలియదు. ఆ లోపం తెలిస్తే బండిలోని కంప్యూటర్ సర్దుకుంటుంది. ఎక్కువ పోసేదాన్ని కాస్త తక్కువసేపు తెరుస్తుంది, తక్కువ పోసేదాన్ని కాస్త ఎక్కువసేపు. చెప్పకపోతే తీసేసిన పాతదాని లెక్కతోనే కొత్తదాన్ని నడుపుతుంది. పైలట్ చుక్క ఒకటి రెండు ఘన మిల్లీమీటర్లే. అంత చిన్న కొలతలో కొంచెం తేడా వచ్చినా వణుకే.

మేస్త్రి ఇంజెక్టర్ తల మీది మడ్డిని డీజిల్ గుడ్డతో తుడిచి, ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసి చదివాడు. B అనేది 8లా కనబడుతుంది, అందుకని ఇంకోసారి చదివాడు. స్టీరింగ్ కింద సాకెట్‌కు స్కానర్ తగిలించాడు. తెర మీద నాలుగు సిలిండర్ల దిద్దుబాట్లు వరసగా వచ్చాయి. మూడు ఒక తీరు, నాలుగోది ఎదురు గుర్తుతో. క్రాంక్ చక్రం ఒక్కో సిలిండర్ పేలినప్పుడు ఎంత వడిగా తిరుగుతోందో సెన్సర్ చూస్తుంటుంది. బలంగా తోసేదానికి కంప్యూటర్ డీజిల్ కోస్తుంది, నీరసంగా తోసేదానికి కలుపుతుంది. అలా సర్దడానికీ ఒక హద్దుంది.

ఇక్కడే చాలామంది బోల్తా కొడతారన్నాడాయన. ఇంజన్లో సిలిండర్లు పేలే వరస 1-3-4-2. కొన్ని స్కానర్లు సిలిండర్లను ఆ వరసలోనే చూపిస్తాయి. వరుస నంబర్లనుకుని కొట్టేస్తే రెండోదాని కోడ్ మూడోదానికి పోతుంది. కోడ్ ఎక్కించి, తాళం తీసి, కాసేపాగి, మళ్లీ స్టార్ట్ చేశాడు. వణుకు తగ్గింది, పోలేదు.

పోకపోవడానికి కారణం బెంచీ మీద తేలింది. డ్రైవరు కొత్తదనుకున్నది కొత్తది కాదు. ఎవరో విప్పి, లోపల వాల్వు సెట్ మార్చి, కడిగి మెరిపించి అమ్మారు. వాల్వు మారితే పోత మారుతుంది, నెత్తిన కోడ్ మాత్రం పాతదే. ఆ కోడ్ ఎక్కించడమంటే కంప్యూటర్‌కు అబద్ధం చెప్పడమే. రీకండిషన్ చేయడం తప్పని నేననను. కరువు సీమలో కొత్తది కొనగలిగేది ఎందరు? చేశాక మళ్లీ కొలిచి కొత్త కోడ్ తీయకపోవడమే మోసం. ఈ షాపు బెంచీ కోడ్ తీస్తుంది. మేస్త్రి పాత అక్షరాలను గీకేసి, కొత్తవి చీటీ మీద రాసి ట్యాగ్ కట్టాడు.

ఇంతలో ఓ కుర్రాడు పెట్రోలు కారుతో వచ్చాడు. పెద్ద ఇంజెక్టర్లు వేస్తే పికప్ వస్తుందా అని అడిగాడు. మేస్త్రి నవ్వి కాగితం మీద లెక్క వేశాడు. నిమిషానికి 250 సీసీ పోసేవి తీసి 400 సీసీవి పెడితే, కంప్యూటర్ మునుపటంతసేపే తెరిచినా ఒకటిన్నర రెట్లకు పైగా పెట్రోలు పడుతుంది. పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు ఉండాలి. నెమ్మదిగా పోతుంటే ఆక్సిజన్ సెన్సర్‌ను చూసి కంప్యూటర్ కొంత కోస్తుంది. ఫుల్‌గా తొక్కితే ఆ సెన్సర్‌ను పక్కనపెట్టి తన పట్టికనే నమ్ముతుంది. పట్టికలో ఇంజెక్టర్ పోత మార్చాలి, బ్యాటరీ వోల్టేజీ తగ్గినప్పుడు సూది లేవడానికి పట్టే ఆలస్యం కూడా మార్చాలి. లేకపోతే ప్లగ్గులు నల్లబడతాయి, సైలెన్సర్ దారిలో ఉండే కన్వర్టర్ కాలిపోతుంది. “గాలి పెరగకుండా పెట్రోలు పెంచితే పికప్ యాడ్నుంచి వస్తాది?” కుర్రాడు మాట్లాడకుండా వెళ్లిపోయాడు. బెంగళూరుకే పోయుంటాడు.

షాపులో ఇంకో మూల పాత పంపుల బెంచీ ఇప్పటికీ తిరుగుతోంది. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కఠినమైన పొగ నిబంధనలు వచ్చాయి, వాటితోపాటే ఇలాంటి కంప్యూటర్ ఇంజెక్టర్లుండే కామన్ రైలూ. పల్లెల్లో దున్నే ట్రాక్టర్లు చాలావరకు అంతకన్నా చిన్నవి, వాటికి కోడ్ గొడవ లేదు. పాత ఇంజన్ల మాట వచ్చింది కదా అని, 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపారని చెబితే మేస్త్రి నమ్మలేదు. “ఆ నూనె ఈ ఇంజెక్టర్లో పోస్తే సాయంత్రానికి నా కాడికే వస్తాది సార్” అన్నాడు.

ఇంజెక్టర్ బిగించి, కొత్త కోడ్ ఎక్కించాక తెర మీద నాలుగో గడి మిగతా మూడింటి దగ్గరికొచ్చింది. డ్రైవరు తొందరలో ఉన్నాడు, టమోటా ఆగదు. మేస్త్రి కిటికీలోంచి తల పెట్టి చెప్పాడు: “ఫిల్టర్లో నీళ్లు తీపిచ్చు. క్యాన్ డీజిల్ పొయ్యొద్దు. ఆ చీటీ పారేసుకోవద్దప్పా, రేపు కంప్యూటర్ మారిస్తే అదే అడుగుతారు.”