నుదుటి మీది బూడిద

మట్టల ఆదివారం నాడు చేతబట్టుకొని ఊరేగిన ఆకులు ఎండి, మరుసటి ఏడు భస్మ బుధవారం నాటికి బూడిదవుతాయి. ఆ బూడిదతో పాస్టరుగారు మా నుదుట సిలువ గుర్తు వేస్తారు. క్రైస్తవ సంఘాలన్నింటిలో ఈ ఆచారం లేదు. మా సంఘంలో ఉన్నది. బొట్టు పెట్టుకొనే అలవాటు లేని మా ఇంట సంవత్సరానికొకసారి నుదుట కనిపించే చిహ్నం అదొక్కటే. మంటినుండి వచ్చిన మనిషి మంటిలోనే కలియవలసి ఉన్నదని ఆ వేళ జ్ఞాపకం చేస్తారు. చిన్నతనంలో అది ముసలివారికి చెప్పే మాటగా తోచేది.

నాన్నగారు ఉపాధ్యాయులు. మరణానికి నాలుగు రోజుల ముందు నన్ను దగ్గరకు పిలిచి, ఏనాడో ఒక విద్యార్థిపై తాను మోపిన దొంగతనం సంగతి చెప్పారు. పోయిందనుకున్న పరీక్ష రుసుము వేసవి సెలవులలో బీరువా అడుగున దొరికిందట. అప్పటికే ఆ పిల్లవాడు బడి మాని తండ్రి వెంట కూలికి పోతున్నాడు. నలుగురిలో తప్పు ఒప్పుకొనడానికి నాన్నగారికి మనసు రాలేదు.

"నేనిక వెళ్ళలేను. నువ్వు వెళ్ళి చెప్పు నాయనా" అన్నారు.

సరేనన్నాను. వెళ్ళడానికి పదకొండేళ్ళు పట్టింది. ఉద్యోగం, బదిలీలు అని చెప్పుకొన్నాను గాని, నాన్నగారి పేరు చిన్నబోతుందన్నదే నా అసలు భయం. సిలువపై చివరి గడియలో క్షమ పొందిన దొంగ కథ కూడా నా జాప్యానికి ఆసరా అయింది. పాపం, అతనికి మరునాడు లేదు. నాకు పదకొండేళ్ళున్నాయి.

పశ్చాత్తాపమంటే జరిగిన పిమ్మట కలిగే తాపం. తెలుగు బైబిలులో స్థిరపడిన మాట మాత్రం మారుమనస్సు. గ్రీకు మూలంలోని 'మెటనోయా'కు ఇది మిక్కిలి దగ్గర. తాపాన్ని తలుపు మూసుకొని ఒంటరిగా అనుభవించవచ్చు. మనసు మారినవాడు గడప దాటక తప్పదు. లూకా సువార్తలోని జక్కయ్య మేడిచెట్టు దిగి కన్నీరు కార్చినట్లు ఎక్కడా లేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు. అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగంతలు తిరిగి చెల్లిస్తానన్నాడు. సుంకం వసూలు చేసినవాడు, లెక్క తెలిసినవాడు. ఒక పిల్లవాని చదువుకు నాలుగంతలంటే ఎంతో నాకు తెలియలేదు.

నా గుండెకు శస్త్రచికిత్స నిశ్చయమైన వారంలోనే భస్మ బుధవారం వచ్చింది. ఆరాధన ముగియగానే, నుదుటి బూడిద తుడుచుకోకుండానే ఆ ఊరి బస్సెక్కాను.

ఆయన అరుగుపై కూర్చొని ఉన్నారు. జుట్టంతా నెరిసింది. ఎవరి కుమారుడినో చెప్పి, వచ్చిన పని చెప్పాను. చాలాసేపు ఆయన వీధివైపే చూస్తూ ఉండిపోయారు.

"మా నాయన పోయేదాకా నేనే తీశాననుకున్నాడు బాబూ" అన్నారు.

తరువాత మనుమరాలిని పిలిచి, నాకు మంచినీళ్ళు తెమ్మన్నారు.