అన్ని టిక్కులు పెట్టి పేస్ట్ చేసిన రోజు



పోయిన దండారి అప్పుడు నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్న. ఈసారి మన గ్రూపులో చాలామంది వీడియోలు తీస్తమంటున్నరు, ముందే చెప్తే మంచిదనిపించింది. కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. ఆదిలాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న. ఏం చదువుతున్ననో ఊర్లో సరిగ్గా తెల్వది, "కంప్యూటర్ పని వస్తది" అని మాత్రం తెలుసు. అందుకే దండారి వీడియో నాకే అప్పజెప్పిన్రు. మూడు రోజులు ఫోన్‌తోనే తీసిన. 72 క్లిప్పులు అయినయి.

కాలేజీ ల్యాబ్‌లో డావిన్సీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ ఉంది. ఒక్కో క్లిప్పుకు వెలుతురు, జూమ్, సౌండ్ సరిచేసుకుంట కూర్చుంటే మొదటి సాయంత్రం 9 క్లిప్పులే అయినయి. హాస్టల్ సీనియర్ అన్న చూసి నవ్విండు. "ఒకటి మంచిగ చేసుకో. దాని మీద కంట్రోల్ సీ కొట్టు. మిగతావి సెలెక్ట్ చేసి ఆల్ట్ వీ కొట్టు" అన్నడు. అట్ల కొడితే క్లిప్పు పేస్ట్ కాదు, దానికి మనం పెట్టిన సెట్టింగులు మాత్రమే పేస్ట్ అయితయి. పేస్ట్ అట్రిబ్యూట్స్ అని ఒక బాక్స్ వస్తది. ఏ సెట్టింగు కావాలో టిక్కు పెట్టుకోవాలె.

నేను అన్ని టిక్కులూ పెట్టేసిన.

నేను నమూనాగా తీసుకున్నది పొద్దున చుట్టాల దండారి మా ఊర్లోకి వచ్చే క్లిప్పు. మబ్బు పట్టి ఉండె, అందుకే వెలుతురు బాగా పెంచిన. దూరం నుంచి తీసిన కాబట్టి జూమ్ చేసిన. డోలు, తుడుం మోత ఎక్కువుందని సౌండ్ 12 డీబీ తగ్గించిన. ఆ క్లిప్పుకు అవన్నీ సరిపోయినయి. రెండు నిమిషాల్లో మిగతా క్లిప్పులన్నిటికీ అవే పడ్డయి. సంతోషంలో మొత్తం చూడకుండానే రెండర్ పెట్టి ఊరి వాట్సాప్‌కు పంపిన.

రాత్రి తాత ఫోన్ చేసిండు. వయసులో ఉన్నప్పుడు తాత గుస్సాడీ వేసేటోడు.

"బిడ్డా, మల్‌బూర తల నరికినవేంది?"

నాకు అర్థం కాలే. వీడియో తీసి చూసిన. దగ్గరి నుంచి తీసిన గుస్సాడీ క్లిప్పుల్లో కూడా జూమ్ పడి, నెమలి ఈకల టోపీ పైభాగం ఫ్రేమ్ బయటికి పోయింది. మనం దేవుడిలెక్క చూసుకునే టోపీ అది.

"మీ అవ్వ పాడింది ఏది? నోరు కదులుతుంది, పాట వినొస్తలేదు. మొఖం కూడా గట్ల తెల్లగ ఎందుకైంది? నుదుటి మీద పచ్చబొట్టు ఏమైంది?"

అవ్వ పాట రాత్రి ఎల్‌ఈడీ బల్బు కింద తీసిన. ఆ వెలుతురు మీద ఇంకింత వెలుతురు పడేసరికి పచ్చబొట్టు తుడిచేసినట్టే పోయింది. మెల్లగ పాడే గొంతుకు 12 డీబీ తగ్గితే ఇంకేం మిగులుతది? తాతకు ఏం చెప్పాలో తెల్వలే. అవ్వను తెల్లగ చేయాలని నేను అనుకోలే. పేస్ట్ చేసిన, అంతే. కానీ చూసేటోళ్లకు రెండూ ఒకటే.

ఆ రాత్రి నిద్ర పట్టలే. ఫోన్ నిండిందని క్లిప్పులు ఫోన్‌లోంచి డిలీట్ చేసిన. ఉన్నవి ల్యాబ్ కంప్యూటర్‌లోనే, దాన్ని ఎవరు ఎప్పుడు ఫార్మాట్ కొడతరో తెల్వది. పొద్దున ల్యాబ్ తెరవకముందే పోయి గేటు కాడ నిలబడ్డ. ఉన్నయి. ఎడిటింగ్‌లో ఏం మార్చినా అసలు ఫైలుకు ఏం కాదు, సెట్టింగు తీసేస్తే అవ్వ మళ్లీ అవ్వే. ముందు పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకున్న, తర్వాతే పని మొదలుపెట్టిన.

ఈసారి క్లిప్పులను వెలుతురును బట్టి మూడు గుంపులు చేసిన: మబ్బు పొద్దు, ఎండ, రాత్రి. గుంపుకు ఒక నమూనా క్లిప్పు. కలర్ ఆ గుంపు లోపలే పేస్ట్ చేసిన. కలర్ పేజీలో ఇది ఇంకా సులువు: మార్చాల్సిన క్లిప్పులు సెలెక్ట్ చేసి, నమూనా క్లిప్పు బొమ్మ మీద మౌస్ మధ్య చక్రం నొక్కితే చాలు. సౌండ్ టిక్కు డోలు మోగే క్లిప్పుల మధ్యనే పెట్టిన. జూమ్ టిక్కు తీసేసి, ఒక్కొక్కటి చేత్తో చేసిన. పేస్ట్ చేసినప్పుడల్లా గుంపులో మొదటిది, నడిమిది, చివరిది చూసిన. తేడా కొడితే కంట్రోల్ జడ్. ప్రీమియర్ ప్రో వాడేటోళ్లకు ఆల్ట్ వీ బదులు కంట్రోల్ ఆల్ట్ వీ, అందులో కూడా టిక్కులు ఉంటయి.

నాలుగు సాయంత్రాలు పట్టింది. అవ్వ పాటకు మాత్రం దేనినీ పేస్ట్ చేయలే.

1940లలో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి తీసిన ఫోటోల్లో మన పెద్దలను ఇప్పటికీ చూసుకుంటున్నం. ఇప్పుడు కెమెరా మన చేతిలోనే ఉంది. రేపు మన పిల్లలు చూసేది మనం తీసినవే. అందులో పచ్చబొట్టు లేకపోతే, లేకుండెనేమో అనుకుంటరు.

రెండో వీడియో పంపినంక తాత ఏమీ అనలే. మరుసటి రోజు అవ్వనే ఫోన్‌లో అన్నది, "పాటలో నడుమ ఒక మాట తప్పు పాడిన, మళ్లీ వచ్చినప్పుడు సరిగ్గ పాడుత, తీసుకో" అని. ఈ దండారికి పోతున్న.

ఎవరికైనా ఎడిటింగ్‌లో ఇబ్బంది ఉంటే కింద రాయండి, నాకు వచ్చినంత చెప్త. అన్ని టిక్కులు మాత్రం పెట్టకండి.

జై సేవా.